స్కిజోఫ్రీనియా కుదురునా? మందుల వలన ప్రయోజనమెంత?

మనుష్యులకు వచ్చు రోగములలో ఇంటివారికి ఎక్కువ సిగ్గును, ఇరుగుపొరుగువారికి ఎక్కువ భయమును కలిగించునది మతిభ్రమణము. జ్వరము వచ్చినవానిని చూచుటకు పదిమంది వత్తురు; మతి చలించినవాని గడప త్రొక్కుటకు బంధువులు సైతము వెనుదీయుదురు. ఇట్టి వ్యాధులలో ముఖ్యమైనది స్కిజోఫ్రీనియా. ప్రపంచమున రెండు కోట్లమందికి పైగా, అనగా సుమారు 300, 350 మందిలో ఒకరికి, ఈ వ్యాధి కలదు. ధనికులు, పేదలు అను భేదము దీనికి లేదు. పట్టణము, అడవి అను భేదమును లేదు.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుండి జగర్‌గుండకు పోవు త్రోవలో, చింతలనార్ అను గ్రామము కలదు. 'నార్' అనగా గోండీ భాషలో ఊరు. 2012 వరకు ఈ ప్రాంతము దంతెవాడ జిల్లాలో ఉండెను. ఇచ్చట కోయలు, దోర్లలు నివసింతురు. ఇక్కడి ప్రజలు మిరపకోతల కాలమున తెలుగు జిల్లాలకు వచ్చి పని చేసికొని పోవుచుందురు. కొన్ని దశాబ్దములపాటు భయమును, హింసను చవిచూచిన సీమ యిది. మానసిక వైద్యుడు చేరువలో లేని ఇట్టి గ్రామములలో, ఇంటిలో ఒక యువకునకు మతి చలించినప్పుడు కుటుంబమువారు అడుగు ప్రశ్నలు రెండే: ఇది కుదురునా? మందులు ఎంతకాలము వాడవలెను? ఈ రెండింటికిని నేటి వైద్యశాస్త్రము ఇచ్చు సమాధానమును ఇచ్చట వివరింపబడుచున్నది.

వ్యాధి లక్షణములు

ఈ వ్యాధి సాధారణముగా యౌవనమున ప్రారంభమగును. పురుషులకు 18 మొదలు 25 ఏండ్ల వయస్సులో ఎక్కువగా కనబడును. స్త్రీలకు కొంత ఆలస్యముగా వచ్చుట కలదు. మొదట నిద్ర చెడును. పనియందు శ్రద్ధ తగ్గును. స్నేహితులకు దూరముగా ఒంటరిగా కూర్చుండును. పిదప ఎవ్వరును మాటాడకపోయినను మాటలు వినబడును. ఆ మాటలు తిట్టవచ్చును, ఆజ్ఞాపింపవచ్చును. తనకెవరో విషము పెట్టుచున్నారనియు, తన తలపులు ఊరందరికిని తెలిసిపోవుచున్నవనియు గట్టిగా నమ్మును. ఎంత నచ్చజెప్పినను ఆ నమ్మకము సడలదు. మాటలో పొంతన తప్పును.

వీనికంటె తక్కువగా కనబడు లక్షణములు మరికొన్ని కలవు. ముఖమున సంతోషము, దుఃఖము తెలియకపోవుట, మాట తగ్గుట, స్నానమునందును తిండియందును ఆసక్తి లేకుండుట, జ్ఞాపకశక్తి మందగించుట మొదలగునవి అట్టివి. వీనిని చూచి ఇంటివారు సోమరితనమని నిందింతురు. ఇవి సోమరితనము కావు, వ్యాధిలోని భాగములే.

స్కిజోఫ్రీనియా అను పేరును 1908లో స్విట్జర్లాండు దేశపు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ పెట్టెను. మనస్సునందలి వ్యాపారములు ఒండొంటితో పొసగక చీలిపోవుట అని దాని భావము. ఒకే మనిషి ఇద్దరు మనుష్యులుగా మారుట అని కొందరనుకొనుట పొరపాటు. ఈ పేరే రోగులకు కళంకమగుచున్నదని జపాను దేశపు వైద్యులు 2002లో తమ భాషలో దీనిని మార్చివేసిరి.

పొరబడరాని విషయములు

మాటలు తప్పినంత మాత్రమున ప్రతివాడును స్కిజోఫ్రీనియా రోగి కాడు. బస్తరు ప్రాంతమున ఇది ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన సంగతి. అచ్చట మలేరియా ఎక్కువ. మలేరియా మెదడుకు ఎక్కినప్పుడు రోగి పలవరించును, మనుష్యులను గుర్తింపడు, పెనుగులాడును. ఇట్టివానిని భూతము పట్టినదనియో, పిచ్చి యెత్తినదనియో ఇంటిలో ఉంచిన ప్రాణమునకే ముప్పు. జ్వరముతో మతి తప్పినవానికి మొట్టమొదట మలేరియా రక్తపరీక్ష చేయించవలెను. గంటలు వృథా చేయరాదు.

అట్లే నిత్యము ఎక్కువగా ఇప్పసారా త్రాగువాడు హఠాత్తుగా మానినప్పుడు రెండుమూడు దినములలో వణకుచు, లేనివి చూచుట కలదు. ఇదియు అత్యవసర చికిత్స కోరు స్థితియే. గంజాయి వలన మతి చలించుట కలదు. కొందరిలో అది స్కిజోఫ్రీనియాకు దారితీయును. ఆప్తులు మరణించినవారికి కొన్నాళ్లు వారి గొంతు వినబడినట్లుండుట, భయంకర సంఘటనలను చూచినవారికి పీడకలలు వచ్చుట స్కిజోఫ్రీనియా కాదు. జాతరలో దేవత పూని, జాతర ముగిసిన పిమ్మట ఎప్పటివలె పొలము పనికి పోవువానికిని వ్యాధి యున్నదనరాదు. నెలల తరబడి లక్షణములు నిలిచి, పనియు, మనుగడయు చెడినప్పుడే ఈ వ్యాధిని శంకింపవలెను. నిర్ణయము చేయవలసినది వైద్యుడు.

మందులు వచ్చిన విధము

1950కి పూర్వము ఈ రోగమునకు సరియైన మందు లేదు. రోగులను పెద్ద ఆసుపత్రులలో ఏండ్లకొలది ఉంచెడివారు. తెలుగునాట విశాఖపట్టణపు మానసిక చికిత్సాలయము 19వ శతాబ్దము నాటిది. హైదరాబాదు ఎర్రగడ్డలోని ఆసుపత్రి 1953లో జాల్నా నుండి తరలివచ్చినది. ఆ కాలమున అట్టి చోట్లకు పోయినవారిలో చాలమంది తిరిగి ఇల్లు చేరలేదు.

మార్పు రెండు వైపులనుండి వచ్చెను. మన దేశమున సర్పగంధ అను మూలికను ఉన్మాదమునకు వాడు ఆచారము పూర్వమునుండి ఉండెను. 1931లో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసు అను కలకత్తా వైద్యులు దాని గుణములను గూర్చి వ్యాసము ప్రకటించిరి. 1952లో దానినుండి రిసర్పిన్ అను పదార్థము వేరుచేయబడెను. ఆ 1952లోనే పారిస్ నగరమున జీన్ డెలే, పియేర్ డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజిన్ అను మందును రోగులకిచ్చి, కలత శాంతించుటయే గాక భ్రమలును తగ్గుట కనుగొనిరి. 1958లో బెల్జియమున హాలోపెరిడాల్ తయారయ్యెను. రిసర్పిన్ రక్తపు పోటును తగ్గించి మనోవ్యాకులత కలిగించుటచే ఈ వ్యాధికి వాడుట క్రమముగా నిలిచిపోయెను. కాబట్టి అడవిలో సర్పగంధ వేరు దొరికినను దానిని త్రవ్వి స్వయముగా వాడుట అపాయకరము. వేరులో మందు పాళ్లు ఎంతయున్నదో ఎవ్వరును చెప్పజాలరు.

మెదడులో ఒక నరపు కణమునుండి మరియొక దానికి వార్తను చేర్చు రసాయనములు కలవు. అందు డోపమిన్ ఒకటి. మెదడునందలి కొన్ని భాగములలో డోపమిన్ పని మితిమీరినప్పుడు అల్పవిషయములు గొప్ప అర్థము కలవిగా తోచును. స్వంత తలపు ఇతరుల గొంతువలె వినబడును. పై మందులు ఈ అతిశయమును అడ్డగించును. డోపమిన్‌ను గూర్చి పరిశోధించిన స్వీడను శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమానము లభించెను. డోపమిన్‌ను నేరుగా అడ్డగింపక వేరు మార్గమున పనిచేయు మందు ఒకటి 2024లో అమెరికా దేశమున అనుమతి పొందినది.

మందులు చేయునదియు, చేయజాలనిదియు

మందు మొదలిడిన కొలది దినములకే నిద్ర వచ్చును, కలత తగ్గును. వినబడు మాటలు, భ్రమలు తగ్గుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. వారము దినములు వాడి గుణము లేదని విడుచుట, విత్తనము నాటిన మరునాడే నేల త్రవ్వి చూచుట వంటిది. ఒక మందు పనిచేయనిచో వైద్యుడు మరియొకటి ఇచ్చును. రెండు మందులు తగిన మోతాదులో, తగినంత కాలము వాడినను గుణము కనబడని వారికి క్లోజపిన్ అను మందు కలదు. దీనివలన కొందరికి రక్తమునందలి తెల్లకణములు అపాయకరముగా తగ్గును. అందుచే మొదటి నెలలలో ప్రతివారము రక్తపరీక్ష తప్పనిసరి.

ఉదాసీనత, మందగించిన జ్ఞాపకము వంటి లక్షణములపై మందుల ప్రభావము స్వల్పము. వానికి పని, తోడు, ఓపిక అవసరము. కాబట్టి మందు లేకుండ చికిత్స లేదనుటయు నిజమే, మందు ఒక్కటియే చికిత్స కాదనుటయు నిజమే.

కుదురుట యనగా నేమి?

"కుదురునా?" అను ప్రశ్నకు ఒక్క మాటలో ఉత్తరము లేదు, ఏ కొలతతో కొలుతుమో దానినిబట్టి సమాధానము మారును. లక్షణములు దాదాపు లేకుండుట ఒక కొలత. లక్షణములు కొంత మిగిలినను, తన పని తాను చేసికొని కుటుంబముతో జీవించుట మరియొకటి. లక్షణములును లేక, ఉద్యోగము, సంసారము చక్కగా ఉండి, రెండేండ్లయినను అట్లు నిలుచుట అన్నిటికంటె కఠినమైన కొలత.

ఈ కఠినపు కొలతతో 50 పరిశోధనలను కలిపి 2013లో లెక్కించిరి. పూర్తిగా కోలుకొన్నవారు ఏడుగురిలో ఒక్కరని తేలెను. ప్రపంచారోగ్యసంస్థ కనీసము ముగ్గురిలో ఒక్కరు సంపూర్ణముగా కోలుకొనగలరని చెప్పుచున్నది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు ఆసుపత్రిలో, ఇక లాభము లేదని యెంచబడి ఏండ్లకొలది ఉండిన 269 మంది రోగులను 1950 దశకపు మధ్యభాగమున ఇండ్లకు పంపిరి. రెండు దశాబ్దములకు పైగా గడచిన తరువాత చూడగా వారిలో సగమునుండి మూడింట రెండు వంతుల వరకు బాగుపడిరి లేక గణనీయముగా మెరుగుపడిరి.

మన దేశపు అనుభవము మరింత ఆశాజనకము. ప్రపంచారోగ్యసంస్థ 1960 దశకాంతమున తొమ్మిది దేశములలో ఆరంభించిన పరిశోధనలో మన ఆగ్రా ఒక కేంద్రము. ధనికదేశముల రోగులకంటె ఆగ్రా వంటి చోట్లవారు ఎక్కువమంది మెరుగుపడుట చూచి వైద్యలోకము ఆశ్చర్యపడెను. భారత వైద్య పరిశోధనా మండలి వెల్లూరు, మద్రాసు, లక్నో నగరములలో జరిపించిన పరిశోధనలో రెండేండ్ల పిమ్మట సుమారు మూడింట రెండు వంతులమంది మంచిస్థితిలో ఉండిరి. మద్రాసులో 1980 దశకారంభమున కొత్తగా వ్యాధికి గురియైన 90 మందిని వైద్యులు రెండు దశాబ్దములకు పైగా అనుసరించి చూచిరి. ఆ నగరముననే 1984లో డాక్టరు శారదా మేనన్ ఈ రోగులకొరకు స్కార్ఫ్ అను సంస్థను స్థాపించిరి. ఈమెకు 1992లో పద్మభూషణ్ బిరుదము లభించెను.

అయినను ఈ లెక్కలను చూచి ఏమరుట తగదు. కొందరు ఒకసారి జబ్బుపడి మరల పడరు. కొందరికి విడిచి విడిచి వచ్చును. కొందరికి దీర్ఘకాలము నిలుచును. ఎవరెవరు ఏ తెగకు చెందుదురో మొదటి దినమున ఏ వైద్యుడును చెప్పజాలడు. నిశ్చయముగా చెప్పదగినది ఒకటి కలదు: చికిత్స ఎంత త్వరగా మొదలైన ఫలితము అంత మేలు. 2015-16లో ఛత్తీస్‌గఢ్‌తో కూడ 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసికారోగ్య పరిశీలనలో, తీవ్ర మానసికవ్యాధులు గలవారిలో సుమారు నలుగురికి ముగ్గురు చికిత్స పొందుట లేదని తేలెను. కుదురగల వ్యాధి కుదురకపోవుటకు ముఖ్యకారణము ఇదియే.

మందులు మానవచ్చునా?

రోగి నెమ్మదించిన పిమ్మట కుటుంబమున కలుగు మొదటి తలంపు, మందు మానుట. ఇచ్చటనే ఎక్కువమంది దెబ్బతిందురు. 65 పరిశోధనలను కలిపి 2012లో ప్రకటించిన లెక్కలో, మందు కొనసాగించిన వారిలో ఒక్క సంవత్సరమున నూటికి 27 మందికి వ్యాధి తిరుగబెట్టెను; మందుకు బదులు ఉత్తమాత్ర యిచ్చిన వారిలో నూటికి 64 మందికి తిరుగబెట్టెను. మందు మానిన మరునాడే జబ్బు రాదు. రెండు మూడు నెలలు బాగుగానే ఉండుటచే మందు అక్కరలేదని నమ్మకము కుదురును. ఆ నమ్మకమే మోసము.

చింతలనార్ వంటి గ్రామమున మందువలన నెమ్మదించిన ఒక యువకుడు ఉన్నాడని భావింపుడు. మిరపకోతలు వచ్చినవి, అందరితోపాటు రెండు నెలలకు బయలుదేరును. మూటలో బియ్యము, బట్టలు ఉండును, మాత్రలు ఉండవు. తిరిగి వచ్చునప్పటికి నిద్ర చెడి, మాటలు మరల వినబడుచుండును. దీనిని నివారించుట కష్టము కాదు. పోవుటకు ముందే వైద్యునకు చెప్పి అన్నిదినములకు సరిపడు మందును, చీటిని తీసికొనవలెను. దినదినము మాత్ర మ్రింగుట సాగనివారికి రెండు మొదలు నాలుగు వారములకు ఒకమారు వేయు సూదిమందులు కలవు. దూరగ్రామములవారికి ఇవి మిక్కిలి ఉపయోగకరములు.

మొదటిసారి జబ్బుపడినవారు నెమ్మదించిన పిమ్మట సాధారణముగా ఒకటి రెండేండ్లు మందు వాడవలెను. పలుమార్లు తిరుగబెట్టినవారు ఐదేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువకాలము, వాడవలసి యుండును. కొందరికి మందును తగ్గించుటయు, మానుటయు సాధ్యమే. అమెరికా గణితశాస్త్రజ్ఞుడు జాన్ నాష్ 1959లో ఈ వ్యాధికి గురియయ్యెను. 1970 తరువాత మందులు వాడకయే క్రమముగా కోలుకొని 1994లో నోబెల్ బహుమానము పొందెను. అయితే ఆయనవలె ఎవరు కోలుకొందురో ముందు తెలియదు. ఆయన జీవితమున సైతము ఇరువది యేండ్లకు పైగా ఈ వ్యాధికి బలియైనవి. కాబట్టి తగ్గించుట వైద్యుని పర్యవేక్షణలో, నెలల తరబడి, కొంచెము కొంచెముగా జరుగవలెను. ఒక్కసారిగా మానరాదు.

మందుల దుష్ఫలితములు

రోగి మందు వద్దనుటకు తరచు న్యాయమైన కారణమే యుండును. హాలోపెరిడాల్ వంటి మందుల వలన కండరములు బిగియుట, చేతులు వణకుట, ఒకచోట కూర్చుండలేని తహతహ కలుగవచ్చును. ఒక్కొక్కప్పుడు మెడ ఒకవైపునకు తిరిగి పట్టుకొనును; చూచువారు దయ్యమందురు. ఇది మందు వలన కలిగినది. విరుగుడు మందు ఇచ్చిన త్వరలో సర్దుకొనును. ఒలాంజపిన్ వలన బరువు పెరుగును, మధుమేహము రావచ్చును. రిస్పెరిడోన్ వలన కొందరు స్త్రీలకు ముట్టు నిలిచిపోవును. మందు వాడుచుండగా తీవ్రమైన జ్వరము వచ్చి, శరీరము కొయ్యవలె బిగిసికొనిపోయిన వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. దుష్ఫలితములను వైద్యునకు చెప్పిన మోతాదు తగ్గించును, లేదా మందు మార్చును. చెప్పకుండ మానుటయే నష్టము.

కుటుంబము, గ్రామము

రోగిని ఎల్లప్పుడు తిట్టుచు, తప్పులెన్నుచు ఉండు ఇండ్లలో వ్యాధి త్వరగా తిరుగబెట్టునని లండనులో జరిగిన పరిశోధనలు తెలిపినవి. చండీగఢ్‌లో చూడగా మన కుటుంబములలో అట్టి నిందలు తక్కువగా కనబడెను. ఉమ్మడి బ్రతుకు, ఎంతటివానికైనను ఏదో ఒక పని దొరకు పల్లెజీవనము రోగికి మేలు చేయును. పశువులు కాచుట, ఇప్పపువ్వు ఏరుట, తునికాకు కట్టలు కట్టుట వంటి పనులు, ఒత్తిడి లేకుండ అప్పగించినచో, మందు చేయలేని పనిని చేయును. 2014లో ప్రకటితమైన మన దేశపు పరిశోధన ఒకటి, శిక్షణ పొందిన గ్రామకార్యకర్తలు ఇంటింటికి పోయి రోగులకు తోడ్పడిన కొంత అదనపు మేలు కలుగునని, అది పల్లెప్రాంతమున మరింత స్పష్టమని చూపెను. ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్లు ఇట్టి కార్యకర్తలే. మితానిన్ అనగా స్నేహితురాలు.

వడ్డె యొద్దకు పోవుట, మ్రొక్కు మ్రొక్కుట కుటుంబమునకు ధైర్యము నిచ్చును, దానిని అపహసింపనక్కరలేదు. మ్రొక్కును సాగనిండు, మందును సాగనిండు. అయితే కొట్టుట, వాతలు పెట్టుట, పస్తులుంచుట, గొలుసులతో కట్టుట ఏ పేరు పెట్టినను హింసయే. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న పాకలకు నిప్పంటుకొనగా, గొలుసులతో బంధింపబడిన రోగులు తప్పించుకొనలేకపోయిరి. 28 మంది మరణించిరి. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. మతి చలించిన స్త్రీని మంత్రగత్తెయని, తోనహి యని నిందించి బాధించుట ఛత్తీస్‌గఢ్‌లో 2005 నాటి చట్టము క్రింద నేరము.

ఈ రోగులందరును ప్రమాదకరులని భయపడుట తగదు. వీరు ఇతరులను బాధించుటకంటె ఇతరుల చేత బాధింపబడుటయే ఎక్కువ. నూటికి సుమారు ఐదుగురు ఆత్మహత్య చేసికొందురు. "చావుమని మాటలు చెప్పుచున్నవి" అని రోగి యన్నచో ఆ మాటను తేలికగా తీసికొనరాదు. అతనిని ఒంటరిగా విడువక వెంటనే వైద్యసహాయము కోరవలెను.

సహాయము లభించు విధము

మన దేశమున జాతీయ మానసికారోగ్య కార్యక్రమము 1982లో ప్రారంభమయ్యెను. బళ్లారి జిల్లాలో సామాన్య వైద్యులకు శిక్షణ యిచ్చి జరిపిన ప్రయోగము సఫలమగుటచే, 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమము మొదలిడబడెను; తెలుగునాట మెదక్ మొదటి జిల్లాలలో ఒకటి. చట్టము ప్రకారము అత్యవసర ఔషధముల పట్టికలోని మానసికవ్యాధుల మందులను ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా పొందుట రోగి హక్కు. చింతలనార్ పరిసరములవారు మొదట మితానిన్‌కును, సమీప ఆరోగ్యకేంద్రమునకును తెలుపవలెను. సుక్మా జిల్లా ఆసుపత్రి, జగదల్పూరు వైద్యకళాశాల, బిలాసపురమునొద్ద సేంద్రీలోని రాష్ట్ర మానసిక చికిత్సాలయము పై మెట్లు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసిన, రాత్రింబవళ్లు, తెలుగు, హిందీ మొదలగు భాషలలో ఉచితముగా సలహా లభించును.

స్కిజోఫ్రీనియా మధుమేహమువలె, రక్తపుపోటువలె దీర్ఘకాలము కనిపెట్టి చూడవలసిన వ్యాధి. చాలమంది మెరుగుపడుదురు, కొందరు పూర్తిగా కోలుకొందురు, ఎక్కువ కాలము బాధపడువారికిని జీవితమును సుగమము చేయవచ్చును. మందు నేలను చదును చేయును. దానిపై ఇల్లు కట్టవలసినవారు రోగియు, కుటుంబమును, గ్రామమును. మతి చలించినదని తెలిసిన వారముననే వైద్యుని చూపించుట, నెమ్మదించిన పిమ్మట మందు మానకుండుట, రోగిని ఇంటి మనిషిగనే చూచుట: ఈ మూడును పాటించిన ఇంట ఆశకు చోటు కలదు.